ట్రోపికో లేని టెంటు

"ముందు ఇది రాసుకో రద్మిలమ్మా. రాత్రి వాన పడలేదు. ఒక్క చుక్క కూడా. నేనేం కథలు చెప్పడం లేదు, తోటలో వాన కొలిచే డబ్బా ఉంది, వెళ్ళి చూసుకో. అడుగున చచ్చిన ఈగ తప్ప ఇంకేం లేదు. అయినా పొద్దున లేచేసరికి నేను తడిసి ముద్దయ్యాను. టెంటు బయట కాదు, లోపల. ఇదెలా జరిగిందో నువ్వు చెప్పు, తర్వాత నీ ప్రశ్నలన్నీ అడుగుదువుగాని."

రద్మిలా ఇంకా కోటు కూడా విప్పలేదు. ఆమె వచ్చిన పని వేరు. ప్రాగ్‌కి దగ్గర్లోని బెరౌన్ పట్టణానికి ఒక చరిత్ర పుస్తకం ఉంది; ఏడాదికేడాది ఊళ్ళో ఏం జరిగిందో, ఎవరు ఎలా బతికారో అందులో రాయాలి. రాసే మనిషిని మునిసిపాలిటీవాళ్ళే పెడతారు. తొమ్మిదేళ్ళుగా ఆ పని రద్మిలాది. పొద్దంతా పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీస్తుంది, సెలవు దొరికిన రోజున జనం వంటగదుల్లో కూర్చుని వింటుంది. ఆమెకు ఎవరూ నేర్పింది లేదు. తొందరపెట్టకుండా కూర్చుంటే మనుషులు వాళ్ళంతట వాళ్ళే అసలు సంగతికి వస్తారని అనుభవం మీద తెలుసుకుంది.

ఈ గురువారం ఆమె అడగాలనుకున్నది 'వంకర బూటు' గురించి. అది బర్దీ అడవుల్లో తిరిగే ఒక దిమ్మరుల జట్టు. శుక్రవారం మధ్యాహ్నం వీపుకు సంచి తగిలించుకుని రైలెక్కి, అడవిలో నేలమీద పడుకుని, ఆదివారం రాత్రికి పొగ కంపుతో ఇల్లు చేరే మనుషులు ఈ ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళలో వంకర బూటు జట్టుకి ఎల్లుండి శనివారానికి యాభై ఏళ్ళు నిండుతాయి. మొదట మొదలుపెట్టినవాళ్ళలో మిగిలింది ఇద్దరు. ఒకడు తెసాక్, వంతెన దగ్గర సైకిళ్ళు బాగుచేస్తాడు. రెండోవాడు ఇదిగో, రైల్వేలో ముప్పై ఎనిమిదేళ్ళు పట్టాల వెంట నడిచి తనిఖీ చేసి పెన్షన్ తీసుకుంటున్న ఈ విలేమ్ కుబాత్. అడవిలో ఆయన పేరు నీటిపిల్లి.

"మంచు పడిందేమో కుబాత్ గారూ," అంది రద్మిలా కుర్చీలో కూర్చుంటూ.

"మంచు పడితే గడ్డి తడవాలి. గడ్డి తడిగానే ఉంది, కాదనను. కానీ గడ్డిమీద పడిన మంచు గుడ్డ లోపలికి ఎలా వస్తుంది? ఇంటి కప్పుమీద పడిన మంచు నీ మంచంమీదికి వస్తుందా? మొదట పక్కింటివాళ్ళ కుక్కని అనుమానించాను. కానీ కుక్క ఎంత పోసినా నాలుగు మూలలా సమానంగా పొయ్యలేదు కదా."

"ఆ కుక్క జోలికి పోకు," అంది పొయ్యి దగ్గర నుంచి బ్లజెనా, వెనక్కి తిరగకుండానే. ఆమె విలేమ్ భార్య. వెల్లుల్లి పొట్టు తీస్తోంది. పెద్ద గిన్నెలో బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి.

బల్లమీద గోధుమరంగు సంచి ఒకటి ఉంది, రొట్టె అంత. దాని పక్కన మడత పెట్టిన న్యూస్ పేపరు. పేపరు మెత్తగా, నాని ఆరిన ఆకులా ఉంది. రద్మిలా చూపు దానిమీద పడడం గమనించి విలేమ్ మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"అది సాక్ష్యం," అన్నాడు.

విషయం ఏమిటంటే, ఏప్రిల్లో ఆయనకు న్యుమోనియా వచ్చింది. మూడు రాత్రులు వానలో, ఎప్పట్లాగే రెండు చెట్ల మధ్య మిలిటరీ పట్టా కట్టుకుని కింద పడుకున్నాడు. నాలుగో రోజున ఒంట్లో నిప్పులు. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంచి పంపిస్తూ డాక్టరమ్మ సీకొరోవా చెప్పిందట, ఇంకోసారి చలిలో తడిశావంటే ఈ మంచంమీద నిన్ను చూసేది నేను కాదు, పాస్టరు గారు అని. అప్పటినుంచి బ్లజెనా ఆయన్ని ఒక్క రాత్రి కూడా అడవికి పంపలేదు. శనివారం అడవిలో వేసే యాభై ఏళ్ళ నెగడు కోసం ఆయన బతిమాలగా బతిమాలగా చివరికి ఒక షరతు పెట్టింది. టెంటు కొనుక్కో. శనివారం లోపు ఒక్క రాత్రి మన తోటలోనే అందులో పడుకో. స్లీపింగ్ బ్యాగు కాళ్ళ వైపు ఈ పేపరు పెడతాను. పొద్దున పేపరు గలగలమంటే వెళ్ళు. మెత్తబడితే ఇంట్లో ఉండు.

పేపరు మెత్తబడింది.

"టెంటు కొనడం అంటే ఏమిటో నీకు తెలుసా రద్మిలమ్మా?" అన్నాడు విలేమ్. "నాకు తెలీదు. ఒప్పుకుంటున్నాను. బూటు అడుగు, చెప్తాను. కత్తి అడుగు, తడి కట్టె అంటించడం అడుగు. ఆ కొట్లోకి మాత్రం వెళ్ళి నిలబడితే మొదటిసారి బడికి పోయినట్టుంది నాకు. స్టేషన్ దగ్గర కొండసామాన్ల కొట్టు ఉంది చూడు, అందులో పొట్టి జుట్టు అమ్మాయి. మంచిదే పాపం. 'చలికి, తడికి పనికొచ్చేది, మోసుకెళ్ళడానికి తేలికైనది ఒక టెంటు కావాలి' అన్నాను. ఇంతకంటే స్పష్టంగా ఎవరైనా అడుగుతారా? ఆ పిల్ల తిరిగి నన్నే అడుగుతోంది. మూడు సీజన్లదా, నాలుగు సీజన్లదా అని."

"మీరేమన్నారు?"

"నవంబరు ఏ సీజన్లోకి వస్తుందమ్మా అన్నాను. 'అది మీరు ఎక్కడుంటారో దాన్నిబట్టి' అంది. నేను బెరౌన్‌లో ఉంటాను. బెరౌన్‌లో నవంబరు నవంబరే. మళ్ళీ ఇద్దరు పట్టేదా, ఒకరు పట్టేదా అంది. ఒకణ్ణే అన్నాను. అయితే ఇద్దరు పట్టేది తీసుకోండి అంది. ఎందుకూ? ఒకరు పట్టే దాంట్లో ఒకరు పట్టరట. ఇదేం లెక్క? తర్వాత బరువు. ఒకే టెంటుకి మూడు బరువులు రాసి ఉన్నాయి. మేకులతో ఒకటి, మేకులు లేకుండా ఒకటి, సంచితో సహా ఒకటి. నేను డెబ్బై ఎనిమిది కిలోలు. బూట్లు విప్పినా వేసుకున్నా నేనొక్కణ్ణే కదా."

"బూట్లు వేసుకుంటే ఎనభై," అంది బ్లజెనా.

"ఇవన్నీ సరే. అసలు దెబ్బ ఎక్కడ తగిలిందంటే నీళ్ళ దగ్గర. దీనిమీద ఏం రాసుందో చదువు." గోధుమరంగు సంచికి కుట్టిన చీటీ ఆమె వైపు తిప్పాడు. "నీటి ఎత్తు మూడు వేల మిల్లీమీటర్లు. ఆ పిల్ల ఇది చూపించి 'ఇంత వరకు ఆగుతుంది' అంది. నేను ముప్పై ఎనిమిదేళ్ళు పట్టాల దగ్గర వాన రాసినవాణ్ణి. మన బెరౌన్‌లో ఏడాదికి పడేది ఐదొందల చిల్లర. మూడు వేలంటే దాదాపు ఆరేళ్ళ వాన. ఆరేళ్ళు ఆగుతుందంటే చాలు, ఆ తర్వాత నేనే ఉంటానో ఉండనో అనుకుని తెచ్చుకున్నాను. తీరా చూస్తే ఒక్క రాత్రికి, అదీ వాన లేని రాత్రికి అయిపోయింది. ఆరేళ్ళూ ఎవరు వాడేశారు? నాకు పాతది అంటగట్టారా?"

రద్మిలాకి నవ్వొచ్చింది గాని, ఆ లెక్కలో తప్పెక్కడుందో ఆమెకూ వెంటనే తట్టలేదు. ఐదొందల చొప్పున ఆరేళ్ళు, మూడు వేలు. సరిపోయింది. అంతా సరిగ్గానే ఉంది, మనిషి మాత్రం తడిసిపోయాడు. ఆమె నోటు పుస్తకంలో 'మూడు వేలు' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది.

"మీరు ఇంతకు ముందెప్పుడూ టెంటులో పడుకోలేదా?" అని అడిగింది.

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది. విలేమ్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"అది నీ పుస్తకంలోకి వచ్చే సంగతే," అన్నాడు. "డెబ్బై నాలుగులో మేం ఐదుగురం. నాకు పద్దెనిమిది. రైల్వే హాస్టల్లో ఆరుగురికి ఒక గది. పక్క మంచంవాడు నేను నిద్రలో ఏం కలవరించానో పొద్దున ఫోర్మన్‌కి చెప్పేవాడు. నవంబర్లో ఒక శుక్రవారం రైలెక్కి అడవిలో దిగిపోయాం. రాత్రంతా వాన. ఒకడి బూటు నెగడుకి దగ్గరగా పెడితే వంకరపోయింది, అదే జట్టు పేరైంది. నా వీపు కింద నుంచి చిన్న కాలువ పారిందట, నాకు మెలకువ రాలేదు. పొద్దున్నే తెసాక్ లేపి 'వీడు మనిషి కాదురా, నీటిపిల్లి' అన్నాడు. ఆ రోజే నిబంధనలు రాసుకున్నాం. నా దస్తూరీ బావుంటుందని నాచేత రాయించారు. మూడోది నేనే కల్పించాను. 'పైన కప్పు ఉండొచ్చు, చుట్టూ గోడలు ఉండకూడదు. గోడల మధ్య పడుకునేవాడు పద్యౌర్.'"

ఆ మాట రద్మిలాకి తెలుసు, ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఇస్త్రీ చేసిన చొక్కాతో అడవికి వచ్చి, చీమ కుడితే ఇంటికి పోదామనే రకాన్ని దిమ్మరులు పద్యౌర్ అంటారు. అంతకంటే పెద్ద తిట్టు వాళ్ళ దగ్గర లేదు.

"ఒట్టినే రాయలేదు," అన్నాడు విలేమ్, కొంచెం గొంతు తగ్గించి. "అప్పటి కమ్యూనిస్టుల పాలనలో మేం ఎక్కడ పడుకున్నా గోడ అవతల ఒకడుండేవాడు. అడవిలో గోడ లేదు కాబట్టి అవతల అనేదే లేదు. పోలీసులు వచ్చి చొక్కాల మీద జట్టు గుర్తులు చింపేసేవాళ్ళు. హాస్టల్లో మంచం ఇచ్చాం కదా, ఇక్కడెందుకు పడుకుంటున్నారు అనేవాళ్ళు. ఏమని చెప్తాం? తర్వాత తర్వాత మా హాస్టలు రోజులు పోయాయి. నిబంధన ఉండిపోయింది. ఇక అది ఎగతాళికి పనికొచ్చింది. ఎనభై మూడులో ఎవరో ప్రాగ్ నుంచి పళ్ళ డాక్టరుని అతిథిగా తీసుకొచ్చారు. నారింజరంగు టెంటు వేశాడు పాపం. తెల్లవారుజామున మేం నలుగురం నాలుగు మూలలు పట్టుకుని, ఆయన్ని నిద్రలోనే టెంటుతో సహా మోసుకెళ్ళి బస్టాపులో పెట్టి వచ్చాం. ఆలోచన నాది."

"అయ్యో. ఆయనేమన్నాడు?"

"మొదటి బస్సెక్కి వెళ్ళిపోయాడు. చాలా ఏళ్ళు నవ్వుకున్నాం." విలేమ్ గోధుమరంగు సంచిని వేలితో నెట్టాడు. "ఇప్పుడు నేను దీన్ని పట్టుకుని వెళ్ళాలి. ఎవరు రాసిన నిబంధనరా అంటే నేను రాసింది. తెసాక్ ఏమంటాడో నాకిప్పుడే వినిపిస్తోంది. 'నీటిపిల్లి గొడుగు కొనుక్కుంది' అంటాడు. వెళ్ళకపోతే యాభై ఏళ్ళ నెగడు దగ్గర ఐదుగురిలో ఒక్కడే కూర్చుంటాడు. అదెలా కుదురుతుంది? మిగతా ముగ్గురికీ రాలేకపోవడానికి మంచి కారణం ఉంది, మట్టిలో ఉన్నారు. నా కారణం ఏమిటి? పేపరు మెత్తబడిందని చెప్పనా?"

రద్మిలాకి ఇప్పుడు అర్థమైంది, ఈయన ఇందాకటి నుంచి టెంటు గురించి కాదు మాట్లాడుతున్నది. అయినా దారి టెంటు గుండానే ఉంది. ఆమె మళ్ళీ మొదటికి వెళ్ళింది.

"కొట్లో ఇంకేం జరిగింది? మొదటి నుంచి చెప్పండి. ఇదే ఎందుకు కొన్నారు?"

"తేలిక అని. తొమ్మిదొందల గ్రాములు. నా రొట్టె, మాంసం డబ్బా దీనికంటే బరువు. నిజానికి ఆ పిల్ల ముందు ఇంకోటి చూపించింది. దీనికి రెట్టింపు బరువు. 'ఇది తీసుకోండి, దీని ట్రోపికో చాలా గట్టిది' అంది. నేను నవ్వాను. అమ్మా, నేను వెళ్ళేది బర్దీ అడవికి, నవంబర్లో. ఉష్ణదేశాలకి కాదు. నాకు ట్రోపికో వద్దు. ట్రోపికో లేనిది చూపించు అన్నాను. నావైపు వింతగా చూసింది. 'ట్రోపికో లేకుండా అంటే ఇవి మాత్రమే ఉన్నాయి, చాలా తేలిక, కానీ గాలాడేట్టు చూసుకోవాలి' అంది. చలికి టెంటు కొంటున్నవాణ్ణి గాలాడేట్టు చూసుకోవడం ఏమిటి? పైన రెండు కంతలుంటే అవి కూడా మూసేశాను. ఇంకా జాగ్రత్తకని నా పాత మిలిటరీ పట్టా దానిమీద కప్పాను."

"పట్టా ఎందుకు?"

"రోడ్డుమీద పోయేవాళ్ళకి కనపడకుండా." కాస్త సిగ్గుపడ్డాడు. "పైనుంచి చూస్తే పట్టాలాగే ఉంటుంది కదా. శనివారం కూడా అలాగే కప్పేసి నెట్టుకొద్దామనుకున్నాను."

అప్పుడు బ్లజెనా వెనక్కి తిరిగింది. చేతిలో వెల్లుల్లిపాయ అలాగే ఉంది.

"కంతలు మూసి, దానిమీద పట్టా కప్పి, అందులో పడుకున్నావా?"

"అవును. వెచ్చగా ఉందిలే."

"రాత్రి ఎన్ని గంటలు ఊపిరి తీసుకున్నావు?"

విలేమ్ రద్మిలా వైపు చూశాడు, ఈ ప్రశ్న తనకొక్కడికే వింతగా వినపడిందా అన్నట్టు. "అన్ని గంటలూ తీసుకున్నాను బ్లజెన్కా. అలవాటు."

"ఆ ఊపిరంతా ఎక్కడికి పోయింది?"

ఆమె వెల్లుల్లిపాయతోనే కిటికీ వైపు చూపించింది. బయట ఆకాశం బూడిదరంగులో పొడిగా ఉంది. కిటికీ అద్దం మాత్రం లోపలి వైపు తెల్లగా మసకబారి, గిన్నెలోంచి లేచిన ఆవిరి చుక్కలు కట్టి కిందికి జారుతోంది. గట్టుమీద పరిచిన గుడ్డ తడిసి ఉంది. వాన లేదు, కిటికీ ఏడుస్తోంది. ఈ ఇంట్లో చలికాలమంతా రోజూ జరిగేదే అది.

విలేమ్ చాలాసేపు అద్దం వంక చూశాడు. చేయి తనకు తెలియకుండానే ఛాతీమీదికి వెళ్ళింది.

"అయితే ఆ నీళ్ళు నాలోంచి వచ్చాయా?" అన్నాడు మెల్లగా. "నా ఊపిరితిత్తుల్లోంచి?"

అప్పటిదాకా చేసిన హాస్యం వెనక ఈయన పొద్దున్నుంచి దేనికి భయపడుతున్నాడో రద్మిలా అప్పుడు చూసింది. కుక్కని, మంచుని, పాత సరుకుని అనుమానించడమంతా ఈ ఒక్క అనుమానాన్ని పక్కకు నెట్టడానికే. ఏప్రిల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. అది ఇంకా ఉందేమో, రాత్రుళ్ళు ఇలా బయటికి వస్తోందేమో.

బ్లజెనా కూడా చూసినట్టుంది. వెల్లుల్లి బల్లమీద పెట్టి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"అందరి ఊపిరితిత్తుల్లోంచీ వస్తుంది విల్దా. నావైనా అంతే, రద్మిలావైనా అంతే. మూసిన గుడ్డలో గుర్రాన్ని పడుకోబెట్టినా పొద్దునకి తడిసి లేస్తుంది. పట్టా కింద నీకెప్పుడూ తెలియలేదు, ఎందుకంటే దానికి గోడల్లేవు, ఊపిరి అడవిలోకి పోయేది. దీనికి ఒక్కటే పొర. లోపల వెచ్చన, బయట చలి, మధ్యలో ఆ గుడ్డ. కిటికీ అద్దం ఎలాగో అదీ అలాగే. అందుకే రెండు పొరలు కావాలి. లోపలిది పల్చగా, ఊపిరి దాటిపోయేట్టు. పైది వానకి. రెంటికీ మధ్య జానెడు ఖాళీ. తడి అంతా పై పొరకి అంటుకుని బయట నుంచే జారిపోతుంది, నీమీద పడదు. ఆ పై పొర పేరే ట్రోపికో."

విలేమ్ గోధుమరంగు సంచిని దగ్గరికి లాక్కుని చీటీ మళ్ళీ చదివాడు.

"ట్రోపికో అంటే వానకి వేసే పైకప్పా?" అన్నాడు విలేమ్.

"పైకప్పే."

"మరి ఆ పేరేమిటి? ఎండదేశం పేరు వానకి ఎందుకు పెట్టారు?"

"నాకేం తెలుసు. ఎక్కడో ఎండకి అడ్డంగా వేసుకునేవాళ్ళేమోనని మా నాన్న అనేవాడు. ఆయనకీ తెలిసి అన్నాడో లేదో."

"యాభై ఏళ్ళు ఆ మాట పెట్టి జనాన్ని ఏడిపించాను," అన్నాడాయన. "'ట్రోపికోగాళ్ళు వచ్చారు' అనేవాణ్ణి. అదేమిటో ఒక్కసారీ అడగలేదు. ఏదో వేసవిలో షోకు అనుకున్నాను. అంటే నేను పైన కప్పిన పట్టా కూడా ట్రోపికోయేనా?"

"అయ్యేదే, జానెడు ఎడం వదిలి ఉంటే. నువ్వు దుప్పటిలా అంటించి కప్పావు. ఉన్న రెండు కంతలూ పూర్తిగా పోయాయి."

"ఆ మూడు వేలో?"

"ఆ నీటి ఎత్తా? గుడ్డమీద నీళ్ళు ఎంత ఎత్తున నిలబెడితే కారడం మొదలవుతుందో ఆ లెక్క. మూడు మీటర్ల గొట్టంలో నీళ్ళు పోసి నిలబెట్టావనుకో, అంతవరకు ఆపుతుంది. ఏళ్ళతో పని లేదు."

విలేమ్ ఈసారి నిజంగా అయోమయంలో పడ్డాడు. టెంటు సంగతి తేలిపోతోంది, కానీ దాని వెనక ఇంకేదో తేలకుండా మిగిలింది. ఆయన భార్య వంక, ఎవరో కొత్త మనిషి తన వంటగదిలో కూర్చున్నట్టు చూశాడు.

"నీకివన్నీ ఎలా తెలుసు?"

"మా నాన్న రకోవ్నిక్‌లో నడక క్లబ్బు నడిపేవాడు. నాకు పన్నెండో ఏట నుంచి ఇరవై నాలుగో ఏట దాకా ప్రతి వేసవీ టెంట్లోనే. తాత్రా కొండల్లో ఒకసారి తొమ్మిది రోజులు ఏకధాటిగా వాన. పదో రోజున పొడి మేజోళ్ళతో కిందికి దిగాను."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"చెప్పడమెందుకు, నువ్వు చూశావుగా. జ్దిత్సె స్టేషన్లో మొదటిసారి మనం కలిసినప్పుడు నా సంచిమీద టెంటు చుట్టి ఉంది. నువ్వు మీవాళ్ళతో 'అదుగో, పద్యౌర్ పిల్ల ఇల్లు మోసుకొచ్చింది' అన్నావు."

"అది నీదా? అది నీ పక్కనున్న లావుపాటి పిల్లది అనుకున్నాను."

"నాదే. పెళ్ళయ్యాక మా పిన్ని కూతురికి ఇచ్చేశాను." ఆమె గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు, సరుకులు ఎక్కడున్నాయో చెప్తున్నట్టు చెప్పింది. "శుక్రవారం శుక్రవారం నువ్వు వెళ్ళేవాడివి. నన్ను రమ్మని రెండుసార్లు పిలిచావు. రెండుసార్లూ పట్టా కింద పడుకుని, రెండుసార్లూ జలుబుతో వచ్చాను. ఆ తర్వాత నువ్వు పిలవలేదు, నేను అడగలేదు. సోమవారం కొట్టుకి వెళ్ళేటప్పుడు కూడా, నేను రానా అన్నాను. నువ్వేమన్నావు?"

విలేమ్‌కి గుర్తుంది. రద్మిలా ముందు చెప్పడానికి మొహమాటపడ్డాడు.

"ఆడవాళ్ళకి ఇందులో ఏం తెలుస్తుంది అన్నావు," అంది బ్లజెనా. "సరే, తడిసి రానీ అనుకున్నాను. తోటే కదా, పదడుగుల్లో ఇల్లుంది."

"అమ్మ బాబోయ్," అన్నాడాయన, నవ్వాలో వద్దో తెలియక. "ఊపిరితిత్తులు ఏమైపోతాయోనని నేను పొద్దున్నుంచి చస్తుంటే."

"అది నాకు తెలీదు. తెలిస్తే అర్ధరాత్రే వచ్చి ఆ పట్టా లాగేసేదాన్ని." ఆమె చెయ్యి ఆయన చేతిమీద ఒక్క క్షణం పెట్టి తీసేసింది. "తడిశావని కాదు, తడిసి వణికితే భయం. వణికావా?"

"లేదు. వెచ్చని తడి."

"మంచిది. రద్మిలా, ఆ వెనక సొరుగులో పెన్సిలుంది, ఇలా ఇవ్వు."

మెత్తబడ్డ పేపరు అంచుమీదే బ్లజెనా రాసింది, పెద్ద అక్షరాలతో. రెండు పొరలది. మేకులు దిగకపోయినా తనంతట తాను నిలబడేది, ఎందుకంటే బర్దీ అంతా రాయి. వానలో పై పొర ముందు వేసుకుని, దాని చాటున లోపలిది కట్టుకునే వీలున్నది. గుమ్మం ముందు తడి బూట్లు పెట్టుకునేంత చోటు. ఒక కిలో ఏడొందలు దాటకూడదు. రద్మిలా ఆ జాబితాని తల వంచి చదివింది. ఇందాకటి నుంచి తన నోటు పుస్తకంలో ప్రశ్నార్థకాలు పెట్టుకున్న చోటల్లా జవాబులు అక్కడ ఉన్నాయి.

"పదకొండున్నర బస్సుకి ఇద్దరం వెళ్దాం," అంది బ్లజెనా. "ఈ తేలిక సరుకు వెనక్కి తీసుకుంటారేమో అడుగుతాను. తీసుకోకపోతే వేసవిలో కూరగాయ మొక్కలమీద కప్పుకుందాం. ఇవాళ రాత్రి కొత్తది తోటలో వేద్దువుగాని. మొదటిసారి నేను వేసి చూపిస్తాను, నువ్వు చూడు. కంతలు తెరిచే ఉంచాలి. కొత్త పేపరు పెట్టి, రేపు పొద్దున చూస్తాను."

"గలగలమంటే?"

"గలగలమంటుందిలే. వెళ్ళు. ఆ నెగడు దగ్గర నువ్వు లేకుండా తెసాక్ ఏం పాడతాడు, ఒక్కడి గొంతు వినడానికి ఎవరు కూర్చుంటారు?"

విలేమ్ తల ఊపాడు. బంగాళాదుంపల సూప్ గిన్నె దింపారు, జీలకర్ర వాసన వచ్చింది, ముగ్గురికీ వడ్డించారు. రెండు స్పూన్లు తాగి ఆయన స్పూను కింద పెట్టేశాడు.

"నిలబడే టెంటు మీద పట్టా కప్పినా దాగదు," అన్నాడు. "దాని ఆకారం దానిది. దాచడం కుదరదు."

"దాచాలని ఎవరన్నారు?" అంది బ్లజెనా.

"నేను. పొద్దున్నుంచి." ఆయన సూప్‌లో రొట్టె ముక్క ముంచి, అది మెత్తబడేదాకా చూస్తూ కూర్చున్నాడు. "గోడలు వద్దని రాసినవాడికి పద్దెనిమిదేళ్ళు. వాడికి ఊపిరి ఎక్కడికి పోతుందో తెలీదు. ఇప్పుడు నాకు తెలుసు. ఆ నిబంధన మార్చమని అడగను. అది అలాగే ఉండనీ, బావుంది. దాన్ని మీరి వెళ్తాను, అంతే. పద్యౌర్ అంటే అననీ." మళ్ళీ ఆలోచించాడు. "ఆ పళ్ళ డాక్టరు ఎక్కడున్నాడో తెలిస్తే ఆయన్నీ రమ్మందును."

"ఆయన పేరేమిటి?" రద్మిలా అడిగింది.

"అడగలేదు," అన్నాడు విలేమ్.

ఆమె సూప్ తాగి, కోటు గుండీలు పెట్టుకుంది. యాభై ఏళ్ళ చరిత్ర కోసమని వచ్చింది. నోటు పుస్తకంలో ఒక పేజీ నిండా గ్రాములు, మిల్లీమీటర్లు, ఊపిరి ఉన్నాయి. ఇందులో ఏది ఊరి పుస్తకంలోకి వెళ్తుందో ఏది వెళ్ళదో ఆమెకే తెలియలేదు. అయినా ఒక్క మాట కూడా కొట్టెయ్యబుద్ధి కాలేదు.

గుమ్మం దాకా వచ్చాడు విలేమ్. బూట్లలో కాలు పెట్టకుండా, మేజోళ్ళతోనే, చల్లని గచ్చుమీద నిలబడ్డాడు.

"నువ్వు ఇంటికి వంతెన మీదుగానేగా వెళ్ళేది?"

"అవును కుబాత్ గారూ."

"తెసాక్ కొట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగు. మధ్యాహ్నం మా జట్టులో కుర్రవాళ్ళు నలుగురైదుగురు అక్కడే బీరు తాగుతూ ఉంటారు, అంటే అరవై దాటని కుర్రవాళ్ళు. నీటిపిల్లి శనివారం వస్తున్నాడు, టెంటుతో వస్తున్నాడు, దానికి ట్రోపికో కూడా ఉంది అని చెప్పు. ఏం దాచకు, అన్నీ చెప్పు, కుక్క సంగతి కూడా. నవ్వేదేదో ఇవాళా రేపూ కడుపు పట్టుకుని నవ్వేసుకోమను. శనివారానికి అయిపోవాలి. ఆ రోజు మాకు పాటలున్నాయి."

"ఇంకేమైనా చెప్పాలా?"

"టెంటు వేసే చోటు పైగట్టున చూసి పెట్టమను," అన్నాడు విలేమ్. "నా పాత చోటు కింద నీళ్ళు పారతాయి."